ఎస్ఎస్‌డీ పెట్టించాం, కంప్యూటర్‌లో కనిపించట్లేదు. బోర్డు మార్చాలా?

వైనతేయ_రేవు
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో డెస్క్‌టాప్ మీద పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఊరివాళ్ల శుభలేఖలు, గుడి కరపత్రాలు, తన పద్యాలు టైపు చేసుకుంటారు. ఐ3 నాలుగో తరం, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి కాఫీ తాగొచ్చినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అనే ఉంటుంది. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా చదివే డ్రైవ్) వేస్తే బాగుపడుతుందని 240 జీబీది కొని, దగ్గరి టౌన్‌లో ఒక షాపులో బిగించమని ఇచ్చాం. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే వేగం అంతే. సీ, డీ, ఈ తప్ప కొత్త డ్రైవేదీ లేదు. అడిగితే "బోర్డు పాతదండి, ఎస్ఎస్‌డీ తీసుకోదు, బోర్డూ ప్రాసెసరూ మార్చాల్సిందే" అన్నాడు. నిజంగా మార్చాలా? పేజ్‌మేకర్, అను ఫాంట్లు (తెలుగు టైపు చెయ్యడానికి వాడేవి) ఎగిరిపోతే నాన్నగారికి చెయ్యి విరిగినట్టే. నా భయమంతా అదే.

కొబ్బరిమట్ట
మార్చక్కర్లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద డిస్క్ 1 అని నల్లటి గీతతో ఏమన్నా ఉందా?

వైనతేయ_రేవు
ఉందండి. డిస్క్ 1, నాట్ ఇనిషియలైజ్డ్, 223.57 జీబీ అన్‌ఎలొకేటెడ్ అని ఉంది. 240 అని కొన్నాం కదా, 223 ఏంటి?

కొబ్బరిమట్ట
దొరికేసింది. 223కి కంగారు పడకండి. కంపెనీ వాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు లెక్కేస్తారు, విండోస్ 1024తో మూడుసార్లు భాగించి చూపిస్తుంది. ఎవరి 240 అయినా 223గానే కనిపిస్తుంది.

తణుకు_చిప్
బోర్డు ఎస్ఎస్‌డీని తీసుకుంది కాబట్టే విండోస్‌కి కనబడుతోంది. షాపువాళ్లు బిగించారంతే, పని మొదలే పెట్టలేదు. విండోస్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే ఉంది. ఖాళీ ఎస్ఎస్‌డీ పక్కన పడుంటే వేగం ఎలా వస్తుంది? శాటా పోర్టు (డిస్క్ కేబుల్ తగిలించే చోటు) ఉన్న ఏ బోర్డు అయినా 2.5 అంగుళాల శాటా ఎస్ఎస్‌డీని తీసుకుంటుంది. హెచ్81కి నాలుగు శాటా పోర్టులు ఉంటాయి. రెండు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి. ముందు కేబుల్ ఎందులో పెట్టారో చూడండి. బోర్డు మీద పోర్టు పక్కన చిన్న అక్షరాలతో రాసుంటుంది.

ఇంకో రెండు సంగతులు చెప్పండి. సీ డ్రైవ్‌లో ఎంత నిండింది? పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం ఎలా ఉంది? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది గుడ్ అందా, కాషన్ అందా?

భీమారం_99
నా మాట వినండి, నాలుగో తరం మీద ఇంకో రూపాయి పెట్టకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఉండాలి, టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉండాలి. ఈ మెషీన్‌కి రెండూ లేవు. మా చెరువుల ఆఫీసులో ఇలాగే పాతదానికి అతుకులేస్తూ పోయి చివరికి కొత్తది కొన్నాం. ఎన్‌వీఎంఈ (శాటా కన్నా వేగమైన ఎస్ఎస్‌డీ) వేశాం, సెకన్లలో తెరుచుకుంటోంది.

అక్షరశాల_పాలకొల్లు
భీమారం గారూ, మాస్టారి మెషీన్‌లో విలువైంది బోర్డు కాదండి, అందులో కుదురుకున్న పేజ్‌మేకర్, అను సెట్టింగులు. నేను పాలకొల్లులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేస్తాను. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) తెలీదు. అను ఫాంట్లు కూడా యూనికోడ్ కావు. కొత్త మెషీన్‌లో అన్నీ మళ్లీ ఎక్కించి, కీబోర్డు లేఅవుట్ కుదిర్చి, పాత ఫైల్ తెరిస్తే ఒత్తులు ఒకచోట, గుడులు ఇంకోచోట కనబడ్డ రోజులు నాకు బాగా గుర్తు. పెద్దాయన చేతికి అలవాటైన కీబోర్డు మారిస్తే ఆయన టైపు చెయ్యడమే మానేస్తారు. అందుకే ఇక్కడ ఫ్రెష్ ఇన్‌స్టాల్ వద్దు. క్లోన్ చెయ్యండి, అంటే ఎస్ఎస్‌డీలోకి నకలు తీయండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

వైనతేయ_రేవు
తణుకు గారూ, సీ డ్రైవ్ 100 జీబీ, 60 దాకా నిండింది. డీలో నాన్నగారి పేజ్‌మేకర్ ఫైళ్లు, ఈలో ఫొటోలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ పక్కన పసుపు చుక్క ఉంది.

తణుకు_చిప్
అయితే వేగం సంగతి తరవాత, ఫైళ్ల సంగతి ముందు. పెండింగ్ సెక్టార్లంటే ఆ డిస్కు కొన్నిచోట్ల చదవలేక ఆగిపోతోందని అర్థం. 100 శాతానికి సగం కారణం అదే కావచ్చు, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. ఈ రోజే డీ డ్రైవ్, ఈ డ్రైవ్ రెండూ బయట డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. అది అయ్యేదాకా క్లోనింగ్ మొదలుపెట్టొద్దు. క్లోనింగ్‌లో డిస్కు ఆపకుండా గంటల తరబడి తిరగాలి. నీరసపడ్డ డిస్కులు అక్కడే చేతులెత్తేస్తాయి.

లంకలో_నేను
ఫైళ్లు ముందు అన్న మాట నూటికి నూరు పాళ్లూ నిజం. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక మా లంక ఖాళీ చేయించారు. సీపీయూని దుప్పట్లో చుట్టి నావలో, అక్కణ్ణించి ట్రాక్టర్‌లో గట్టు మీదికి చేర్చాం. నీళ్లు తగల్లేదు. అయినా తిరిగొచ్చి ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ టిక్‌టిక్‌మంది. జగ్గన్నతోట ప్రభల ఫొటోలు, చెల్లి ఓణీల ఫంక్షన్ ఫొటోలు సగం పోయాయి. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లేలు, కదిలే ముల్లు ఉండవు కాబట్టి కుదుపులకి భయం లేదు. మా లాంటి ఊళ్లకి అదే నయం. ఇప్పుడు ఫొటోలన్నీ ఎస్ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టేశా.

ఉప్పుగాలి
బీరువాలో పెట్టారా? తీయండి ముందు! ఎస్ఎస్‌డీలో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది. కరెంటు లేకుండా వదిలేస్తే అది మెల్లగా కారిపోతుంది. ఇళ్లలో వాడే ఎస్ఎస్‌డీలకి జెడెక్ (చిప్ కంపెనీల ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఏమంటుందంటే, రాత సామర్థ్యం పూర్తిగా వాడేశాక కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలవాలి. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువే ఆగుతుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన వేసవిలో బీరువా లోపల 30 ఎక్కడుంటుంది?

లంకలో_నేను
ఈ సంగతి ఎవరూ చెప్పలేదండి. అయితే ఎక్కడ దాచాలి?

ఉప్పుగాలి
కుదుపు తగలని చోట బయటి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, వేరే ఊళ్లో ఉన్న మనవాళ్ల దగ్గర ఇంకో కాపీ. వరద మీ ఇంటికొచ్చిన రోజున వాళ్లింటికి రాకపోవచ్చు. ఎస్ఎస్‌డీలోది కూడా ఉంచుకోండి, కాకపోతే అప్పుడప్పుడు కంప్యూటర్‌కి తగిలించి కాసేపు ఆన్‌లో ఉంచండి.

మాస్టారి సంగతికొస్తే, సీపీయూ తెరిచినప్పుడు కనెక్టర్లు చూడండి. మేము సముద్రానికి దగ్గర, అంతర్వేది వైపు. ఇక్కడ ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు, శాటా పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. ర్యామ్ అయితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. శాటాకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడిచి బాగా ఆరనివ్వండి. నూనె స్ప్రేలు కొట్టొద్దు.

పెనుగొండ_పాప
మధ్యలో నా గోల. పదకొండో తరం ల్యాప్‌టాప్‌లో కొత్త ఎన్‌వీఎంఈ వేసి విండోస్ ఎక్కిస్తుంటే డ్రైవ్ లిస్టు ఖాళీగా వస్తోంది. బయోస్‌లో (విండోస్‌కి ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) మాత్రం పేరు కనిపిస్తోంది. డ్రైవ్ పాడయిందా?

తణుకు_చిప్
పాప గారూ, డ్రైవ్ బాగానే ఉంది. ఆ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ వీఎండీ (ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లని చూసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ విండోస్ సెటప్‌లో లేకపోతే ఇలాగే అవుతుంది. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపుకుని, విప్పి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ ఖాళీ లిస్టు దగ్గరే లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి.

పెనుగొండ_పాప
వచ్చేసింది!! మీ నోట్లో పూతరేకు పెట్టాలండి.

కొబ్బరిమట్ట
పూతరేకులు ఆత్రేయపురం నుంచే తెప్పించాలి, మాకూ ఇక్కడ ఆకలేస్తోంది.

భీమారం_99
సరే, కొత్త మెషీన్ వద్దంటే మానెయ్యండి. కనీసం బోర్డు స్లాట్‌లో పీసీఐఈ కార్డు వేసి ఎన్‌వీఎంఈ పెట్టుకోవచ్చుగా? శాటా ఎస్ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. మూడో తరం పీసీఐఈ ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళ్తుంది.

తణుకు_చిప్
హెచ్81 బయోస్‌లు మామూలుగా ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు, అంటే అందులోని విండోస్‌ని మొదలుపెట్టలేవు. బయోస్‌ని మార్చి రాయడమో, పెన్‌డ్రైవ్ నుంచి వేరే బూట్‌లోడర్ నడపడమో చెయ్యాలి. మాస్టారింట్లో అవన్నీ ఎవరు చూస్తారు?

పైగా ఆయనకి 3,500 దేనికండి? విండోస్ తెరుచుకునేటప్పుడు జరిగేది పెద్ద ఫైలు ఒక్కటి చదవడం కాదు, వేల చిన్న ముక్కలు ఏరుకోవడం. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో ఒక్కో ముక్క కోసం ముల్లు కదలాలి, పళ్లెం తిరిగి రావాలి. సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. శాటా ఎస్ఎస్‌డీకి 0.1 మిల్లీసెకన్ చాలు. వందరెట్లకు పైగా తేడా అక్కడుంది. శాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే పేజ్‌మేకర్‌లో తేడా కంటికి ఆనదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే వేరే మాట.

భీమారం_99
బూట్ కాదంటే ఒప్పుకుంటా. కానీ విండోస్ 10 భద్రత సంగతి ఎవరూ తేల్చలేదు.

అక్షరశాల_పాలకొల్లు
అది మాత్రం భీమారం గారు అన్నదాంట్లో న్యాయం ఉంది. మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లు ఇళ్లవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తానంది, వాటికి నమోదు చేసుకోవాలి. నేనైతే పేజ్‌మేకర్ మెషీన్‌కి నెట్ తీసేశాను. బ్యాంకు పనులు, మెయిళ్లు ఫోన్‌లోనే. మాస్టారు కూడా అలా చేస్తే చాలా గొడవలు తప్పుతాయి. జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌లతో మాత్రం జాగ్రత్త, శుభలేఖ ఫొటోలతో పాటు వైరస్ కూడా తెస్తారు.

వైనతేయ_రేవు
డీ, ఈ కాపీ అయ్యాయి. డీలో రెండు ఫైళ్ల దగ్గర ఆగి ఎర్రర్ ఇచ్చింది. మిగతావన్నీ వచ్చాయి. ఆ రెండిటికీ ప్రింట్లు ఉన్నాయట, మళ్లీ టైపు చేస్తానన్నారు నాన్నగారు. కేబుల్ చూశాను, 3జీ అని రాసున్న పోర్టులో ఉంది. కరెంటు మాత్రం నాలుగు పిన్నుల పాత కనెక్టర్ నుంచి ఒక చిన్న వైరు వేసి ఇచ్చారు. అది ఫరవాలేదా?

ఉప్పుగాలి
ఆ కన్వర్టర్ వైరు తీసెయ్యండి. ప్లాస్టిక్ పోతపోసి చేసిన మోలెక్స్ (ఆ నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి శాటా కన్వర్టర్లలో లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిన సంఘటనలు లోకమంతా ఉన్నాయి. మీకు డీవీడీ డ్రైవ్ ఉంటుంది కదా, ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. దానికి వెళ్లే ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) శాటా వైరు ఊడదీసి ఎస్ఎస్‌డీకి పెట్టండి. పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి వేసి ఆ తరవాతే లోపల ముట్టుకోండి.

కొబ్బరిమట్ట
6జీ పోర్టుకి కూడా మార్చండి. తూము చిన్నదైతే కాలువ నిండా నీళ్లున్నా చేలోకి వచ్చేది అంతే. 3జీలో 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది.

తణుకు_చిప్
ఇప్పుడు క్లోనింగ్. మొత్తం డిస్క్ కాదు, సీ డ్రైవ్, దాని ముందుండే చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగం, ఈ రెండే. 500 జీబీ మొత్తాన్ని 240లో పట్టించాలని క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో పెనుగులాడేవాళ్లని చూశాను. మామూలు పద్ధతిలో అది అంతే పరిమాణం లేదా పెద్ద డిస్క్‌నే అడుగుతుంది. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ 2024 నుంచి లేదు. మీ ఎస్ఎస్‌డీ కంపెనీ సైట్ చూడండి, చాలా కంపెనీలు కొన్నవాళ్లకి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తాయి.

సోర్స్ ఏది, టార్గెట్ ఏది అన్నచోట ఆగి, సైజు చూసి, పక్కన ఇంకొకళ్లకి కూడా చూపించి నొక్కండి. తారుమారైతే ఖాళీ ఎస్ఎస్‌డీ మీ విండోస్ మీదికి ఎక్కుతుంది. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

క్లోన్ అయ్యాక ముఖ్యమైన సంగతి. కంప్యూటర్ ఆపి, పాత హార్డ్ డిస్క్ శాటా వైరు పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితో ఆన్ చెయ్యండి. రెండూ ఉంటే రెండిటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ (విండోస్ డిస్క్‌ని గుర్తుపట్టే సంఖ్య) ఉంటుంది కాబట్టి విండోస్ తికమక పడుతుంది. ఎస్ఎస్‌డీతో ఒకసారి బాగా తెరుచుకున్నాక పాతది తగిలించండి. అది ఆఫ్‌లైన్ అని చూపిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చెయ్యండి, విండోస్ దానికి కొత్త సిగ్నేచర్ రాసుకుంటుంది. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో ఎస్ఎస్‌డీ మొదట ఉండాలి.

అక్షరశాల_పాలకొల్లు
దీనికి ఒక చేర్పు. సిగ్నేచర్ మారితే డ్రైవ్ అక్షరాలు కూడా మారొచ్చు. డీ కాస్తా ఎఫ్ అయిందనుకోండి, పేజ్‌మేకర్ ఫైల్ తెరవగానే "బొమ్మ కనబడట్లేదు" అని ఒక్కోటీ అడుగుతుంది. శుభలేఖలో వినాయకుడి బొమ్మ, దేవుడి బొమ్మ, అన్నీ పాత దారి గుర్తుపెట్టుకుని ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే రైట్ క్లిక్ చేసి అక్షరం మళ్లీ డీ అని పెట్టెయ్యండి.

కువైట్_కోనసీమ
ఇది చదువుతుంటే మా ఇంటి పీసీ గుర్తొచ్చింది. వచ్చే సెలవుకి మోసుకొద్దామని ఆన్‌లైన్‌లో 2 టీబీ బయటి ఎస్ఎస్‌డీ చూశా. మంచి కంపెనీ 256 జీబీ కంటే తక్కువ ధర. తీసుకోవచ్చా?

ఉప్పుగాలి
వద్దు బాబూ. ఆ పెట్టెల్లో చాలావాటి లోపల చిన్న మెమరీ కార్డు అతికించి, 2 టీబీ అని అబద్ధం చెప్పేలా రాసిపెడతారు. నిండేదాకా బాగానే ఉంటుంది, తరవాత వేసిన ఫొటోలు పాత ఫొటోల మీద పడి రెండూ పోతాయి. ఎవరైనా ఇప్పటికే కొనుంటే, డ్రైవ్ ఖాళీగా ఉండగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా రాసి, చదివి చూసుకోండి.

కువైట్_కోనసీమ
మానేశా. ధన్యవాదాలు.

లంకలో_నేను
నాదొక అనుమానం. ఎస్ఎస్‌డీలో ఎంత రాయొచ్చో దానికి ఒక లెక్క ఉంటుందంటారు కదా. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైలు) తీసెయ్యాలా? వారానికోసారి డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కల్ని ఒకచోట చేర్చడం) చెయ్యాలా?

తణుకు_చిప్
రెండూ వద్దు. 4 జీబీ ర్యామ్ ఉన్నచోట పేజ్‌ఫైల్ తీస్తే ప్రోగ్రామ్‌లు మూతపడతాయి. రాతల లెక్క ఉదాహరణకి, శాంసంగ్ 860 ఈవో 500 జీబీకి ఇచ్చిన హామీ 300 టెరాబైట్లు. రోజుకి 20 జీబీ రాసినా నలభై ఏళ్లు. చిన్న డ్రైవ్‌లకి, చవకవాటికి హామీ తక్కువే ఉంటుంది. అయినా శుభలేఖలు టైపు చేస్తే అరిగిపోదు. డీఫ్రాగ్ పాత డిస్కుల కోసం. విండోస్ 10లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి దానికి ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో చెప్పే కబురు) పంపుతుంది, దాని పాటికి దాన్ని వదిలెయ్యండి.

వైనతేయ_రేవు
అయ్యిందండి! డీవీడీ వైరు ఎస్ఎస్‌డీకి పెట్టి, 6జీ పోర్టుకి మార్చి, క్లోన్ చేసి, మీరు చెప్పినట్టు ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే ఆన్ చేశాం. విండోస్ లోగో వచ్చిందో లేదో డెస్క్‌టాప్ తెరుచుకుంది. పేజ్‌మేకర్ నొక్కగానే తెరుచుకుంటే నాన్నగారు "ఇది మనదేనా" అని మళ్లీ మూసి తెరిచారు. అను కీబోర్డు ఎలా ఉండేదో అలాగే ఉంది, ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. చదివే వేగం 530 దాకా చూపిస్తోంది. అక్షరశాల గారు చెప్పినట్టు డీ కాస్తా జీ అయింది, సరిచేశాను. బయోస్‌లో శాటా మోడ్ దగ్గర ఐడీఈ అని ఉంది. అది మార్చాలా?

తణుకు_చిప్
చాలా సంతోషం. ఏహెచ్‌సీఐకి (ఐడీఈ తరవాత వచ్చిన శాటా పద్ధతికి) మారిస్తే మంచిది. ఐడీఈలోనూ నడుస్తుంది గానీ ఎన్‌సీక్యూ ఉండదు, అంటే ఒకేసారి వచ్చిన పనుల్ని వరసలో పేర్చుకునే వీలుండదు. కానీ బయోస్‌లో నేరుగా మార్చేస్తే నీలి తెర వస్తుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. మళ్లీ లేచేటప్పుడు బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేసి సేవ్ చెయ్యండి. సేఫ్ మోడ్‌లో తెరుచుకుని కావాల్సిన డ్రైవర్ తనే పెట్టుకుంటుంది. అప్పుడు టిక్ తీసేసి ఇంకోసారి రీస్టార్ట్.

భీమారం_99
మాస్టారు సంతోషించారు, అది చాలు. నా వంతుగా ఒక సలహా: 4 జీబీ ర్యామ్‌కి ఇంకో 4 చేర్చండి. హెచ్81కి డీడీఆర్3, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది.

వైనతేయ_రేవు
ఏహెచ్‌సీఐ కూడా అయ్యింది, నీలి తెర రాలేదు. భీమారం గారూ, ర్యామ్ చూస్తాను. పసుపు చుక్క ఉన్న పాత హార్డ్ డిస్క్‌లో ఇంకా డీ, ఈ నడుస్తున్నాయి. అలాగే వాడొచ్చా?

ఉప్పుగాలి
వద్దు. నాన్నగారి ఫైళ్లు పేజ్‌మేకర్‌వే కాబట్టి పెద్దగా చోటు పట్టవు. డీ మొత్తాన్ని ఎస్ఎస్‌డీలో మిగిలిన ఖాళీలో డీగానే పెట్టండి, ముందు పాతదాని అక్షరం మార్చి ఆ తరవాత. ఫొటోలు బయట డ్రైవ్‌లో ఉన్నాయి కదా, వాటికి ఇంకో కాపీ తీయించండి. పాత డిస్క్ వైరు పీకేసి, పైన తేదీ రాసి పక్కన పెట్టండి. ఆ రెండు ఫైళ్లు ఎప్పుడైనా తిరిగి రాబట్టాలనిపిస్తే అదే ఆధారం.

అక్షరశాల_పాలకొల్లు
ఆ రెండు ఫైళ్లలో పద్యాలున్నాయా? ప్రింట్ ఫొటో తీసి పంపండి, మా షాపులో అమ్మాయి టైపు చేసి పెడుతుంది. మాస్టారి దగ్గర డబ్బులు తీసుకోం.